పెద్దల్లుడి డెబ్భై అయిదేళ్ళు

శుక్రవారం సాయంత్రం కుట్టుమిషన్ల దుకాణం కాస్త ముందే మూసేసి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మూడో అంతస్తులో ఉన్న అత్తగారింటికి ఆటకి వెళ్ళడం పెద్దల్లుడి అలవాటు. అత్తగారు లెక్కల టీచరుగా రిటైరై, ఊరికే కూర్చోలేక ఈ ఆట పట్టుకున్నారు. అడవులూ గుహలూ రాక్షసులూ ఉన్న కథ ఆవిడ చెబుతారు. మిగతావాళ్ళు తలో పాత్రా తీసుకుని అందులో తిరుగుతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. పాత్రకి ఏ వయసు రాసుకుంటే, కుర్చీలో ఉన్నంతసేపూ ఆ మనిషికి ఆ వయసే. లేస్తే పోతుంది. అందుకే ఆవిడ మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం మెత్తటి కుర్చీ ఒకటి వేసి ఉంచారు.

పెద్దల్లుడు కత్తివీరుడు. ఇరవై రెండేళ్ళు రాసుకున్నాడు. కూర్చోగానే బొజ్జ లోపలికి పోయి, నెత్తిన జుట్టు ఒత్తుగా వచ్చేది. పెళ్ళాం మురిసిపోతుందనుకున్నాడు. ఆవిడ ఎగాదిగా చూసి, "అచ్చం మా పిన్ని కొడుకులా ఉన్నారండీ" అంది.

మెత్తటి కుర్చీ తోడల్లుడిది. స్కూలు వ్యాను నడుపుకునే మనిషి, వయసులో పెద్దల్లుడి కన్నా చిన్న. అతను మాంత్రికుడు. కత్తి తిప్పడం ఏడాదిలో వస్తుంది గానీ మంత్రం పట్టుబడాలంటే సగం జీవితం పోవాలి, కాబట్టి మాంత్రికుడికి అరవై దాటి తీరాలని అత్తగారి నియమం. అతను డెబ్భై రాసుకున్నాడు. ఆ తెల్లగడ్డం చూస్తేనే పెద్దల్లుడికి ఒళ్ళు మండేది. ఏ గుహలో దూరాలన్నా అందరూ ఆ గడ్డం కేసే చూస్తారు. టీ మొదట ఆ గడ్డానికే. తను నోరు తెరిస్తే అత్తగారు, "నువ్వుండు నాయనా, పెద్దాయన్ని చెప్పనీ" అంటారు. ఇంటికి పెద్దల్లుడు తనైతే, పెద్దరికం వాడిదీనా?

అదైనా ఓర్చుకునేవాడేమో. మెట్లెక్కొచ్చి పెళ్ళాం గుండె మీద చెయ్యేసుకుని నిలబడితే, ముందుగా కుర్చీ లాగేది తోడల్లుడే. పాచికలు చేతిలో పట్టుకుని ఆవిడనే చూస్తూ ఉండిపోయేవాడు.

"వదినా, ఆ ఆయాసం ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"గ్యాసు, మరిదీ. మెట్లెక్కితే అంతే."

"నా పెళ్ళాం సంగతి నేను చూసుకుంటాలే," అనేవాడు పెద్దల్లుడు. "నీకెందుకంత బాధ?"

తోడల్లుడు అత్తగారి వైపు చూసి, అనబోయిన మాట మింగేసేవాడు. ఆట అయ్యి లేచాక మాత్రం ఏమీ ఎరగని నంగనాచిలా వ్యాను తాళాలు ఊపుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఏం నటన, అని పెద్దల్లుడు లోలోపల కుతకుతలాడేవాడు.

ఒక శుక్రవారం ఇక తట్టుకోలేక, కావాలనే రాక్షసుడికి ఎదురెళ్ళి కత్తివీరుణ్ణి చంపించుకున్నాడు.

"ఇప్పుడేం పాత్ర తీసుకుంటారు బాబూ?" అన్నారు అత్తగారు.

"మాంత్రికుడు. ఆయనకి డెబ్భై అయితే నాకు డెబ్భై అయిదు రాయండి. ఎంతైనా పెద్దల్లుణ్ణి."

"వద్దన్నయ్యా," అన్నాడు తోడల్లుడు కంగారుగా. ఆ కంగారు చూస్తే పెద్దల్లుడికి కడుపు నిండింది.

అత్తగారు రాసేసి, కూతుర్ని తీసుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు. వయసు ముందు మోకాళ్ళకొచ్చింది, తర్వాత కళ్ళకి. ఆపైన గడిచిన ఏళ్ళన్నీ జ్ఞాపకాలై వచ్చాయి. దుకాణం అమ్మేసిన రోజు గుర్తొచ్చింది. ఒక్కడే టీ పెట్టుకోవడం గుర్తొచ్చింది. ఒక్కడే ఎందుకని పెళ్ళాం కోసం వెతికాడు. డెబ్భైలో లేదు, అరవైలో లేదు, యాభైలోనూ లేదు. చివరికి ఈ ఇంటి మెట్ల మీదే, రెండో అంతస్తు మలుపులో, రాబోయే వానాకాలంలో కూలబడి, ఆఖరిసారి కనిపించింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అన్నం తెచ్చిపెట్టి, తినేదాకా కదలకుండా కూర్చున్న మనిషీ గుర్తొచ్చాడు. అతని చేతిలో వ్యాను తాళాలున్నాయి.

"నీకు తెలుసా?" అన్నాడు పెద్దల్లుడు.

"ఇక్కడ కూర్చున్నప్పుడే తెలుస్తుందన్నయ్యా. కన్నతల్లి ముందు ఎలా చెప్పను? లేస్తే ఈ ముసలి వయసులో చూసిందీ అన్నదీ ఏమీ గుర్తుండదు."

పెద్దల్లుడు లేవబోయి ఆగిపోయాడు. లేస్తే తనూ మర్చిపోతాడు. మర్చిపోయి, నీకెందుకంత బాధ అని మళ్ళీ అడ్డం పడతాడు. తన బుద్ధి తనకి తెలుసు. పెళ్ళాన్ని కేకేశాడు.

"చెప్పులేసుకో. మరిదితో ఆసుపత్రికెళ్ళి ఆ గుండె చూపించుకురా."

"ఆట మధ్యలో ఇదేంటండీ?"

"నా మాట విను." తోడల్లుణ్ణి చూపించాడు. "లేచాక అతనికేమీ గుర్తుండదు, నేనే తీసుకెళ్ళమన్నానని చెప్పు. మెట్లు దిగేటప్పుడు అతని చెయ్యి పట్టుకో."

ఆ చివరి మాట అనడానికి అతనికి డెబ్భై అయిదేళ్ళూ కావలసి వచ్చాయి.

వాళ్ళు వెళ్ళారు. టీ చల్లారింది. లేవమని అత్తగారు చెప్పినా, కాళ్ళు తిమ్మిరెక్కినా, కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి ఫోను మోగింది. అత్తగారు విని, కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"గుండెలో రక్తనాళం ఒకటి మూసుకుపోతోందట బాబూ. వేళకి తెచ్చారన్నారట. రేపు చేరితే చిన్న ఆపరేషనుతో పోతుందట. మందులు తీసుకుని వస్తున్నారు."

పెద్దల్లుడు కళ్ళు మూసుకుని మళ్ళీ వెతికాడు. ముసలి తను టీ పెట్టుకుంటున్నాడు. వెనకనుంచి ఒక ముసలి గొంతు, "చక్కెర ఎక్కువేస్తున్నారు" అని విసుక్కుంది. ఆ విసుగు ఆసాంతం విని, అప్పుడు లేచాడు.

తలుపు తెరుచుకుంది. పెళ్ళాం లోపలికొచ్చింది. వెనకాలే మందుల సంచితో తోడల్లుడు.

"నాకొక్క మాటైనా చెప్పకుండా," అన్నాడు పెద్దల్లుడు మొహం మాడ్చుకుని, "ఇంతసేపూ ఎక్కడికెళ్ళారు మీరిద్దరూ?"