లోపల మడిచిన గుడ్డ

"ఇంట్లో కూర్చుని కుట్టేదానికి నడుం నొప్పేంటి?" అన్నాడు మొగుడు, బూట్లు విప్పుతూనే. అన్నవాడు ఊరుకున్నాడా, గుండీ ఊడిందని చొక్కా తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. పాతికేళ్ల కాపురంలో ఆ మాటకు ఆమె చెప్పే జవాబు వినే చెవి ఆ ఇంట్లో లేదు. వంటింటికీ ముందుగదికీ మధ్య నడవాలో, వచ్చేపోయేవాళ్లు దాటుకుంటూ తిరిగే చోట మిషను వేసుకుని, ముగ్గురికి వంటా వీధిలో సగంమంది పిల్లల యూనిఫారాలూ నెట్టుకొస్తున్న మనిషి. వంట ఎలాగూ పనిలోకి రాదు. కుట్టుపని అత్తగారి భాషలో "కాలక్షేపం".

గుండీకి దారం ఎక్కిస్తుంటే పక్కింటి పదో తరగతి పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈ నెలలో ఇది మూడోసారి. మొదటిసారి చొక్కా చెయ్యి చిరిగితే మేకు తగిలిందంది. రెండోసారి కాలరు, పడ్డానంది. ఈసారి జేబు మొత్తం పీకేసి ఉంది. మేకులు మనుషుల మీద అంత పగబట్టవని ఆమెకు తెలుసు.

"ఇదొక్కటీ కుట్టు పిన్నీ. మళ్లీ రాను. రేపట్నుంచి బడి మానేస్తున్నా."

"నెల తిరిగితే పరీక్షలు కదే?"

ముందుగదిలో టీవీ చూస్తున్న అత్తగారి వైపు ఓసారి చూసి పిల్ల గొంతు తగ్గించింది. క్లాసులో పిల్లలు మొదట్నుంచీ తనను మగరాయుడని ఏడిపిస్తూనే ఉన్నారు. ఇవాళ జేబులో ఉత్తరం దొరికింది వాళ్లకు. తన క్లాసమ్మాయికే రాసుకుంది, నువ్వంటే ఇష్టమని, అంతే. బల్లెక్కి పైకి చదివారు. బెంచీలో పక్కన కూర్చునే పిల్ల కూడా లేచి వెళ్లిపోయింది.

"నాకేదో జబ్బట పిన్నీ. అంటుకుంటుందట."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్ల కిందట బడిలో కుట్టు క్లాసుండేది. ఇద్దరికో మిషను. ఆమెకు జోడీ ఒక గిరజాల జుట్టు పిల్ల. అది చక్రం తిప్పుతుంటే ఈమె గుడ్డ తోసేది. కిటికీలోంచి ఎండ, మిషను నూనె వాసన, మోచేతులు తగిలేంత ఇరుకు బల్ల. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు, ఇప్పటికీ తలుచుకుంటే ప్రాణం లేచొస్తుంది. గిరజాలదానికో పిచ్చి. ఏం కుట్టినా అంచు లోపల నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ మడిచి దాచేది. గుడ్డ దండగని టీచరు కసిరితే, "రేపు పొడుగైతే ఏం వేసుకుంటారండీ?" అనేది. మొగుడూ పెళ్లాలొచ్చారని మిగతా పిల్లలు వెక్కిరించేవారు. ఈమెకు ఏడుపొచ్చేది, లోలోపల ఎక్కడో సంతోషంగానూ ఉండేది. ఆ రెండోది చచ్చినా ఒప్పుకునేది కాదు. ఒకరోజు పెద్ద టీచరు ఇద్దర్నీ క్లాసు ముందు నిలబెట్టి ఈమెనడిగింది, "ఈ పిల్ల నీకేమవుతుంది?" అని. "ఏమీ కాదండీ. తనే నా వెంట పడుతుంది" అందీమె. గిరజాలది తన కత్తెర తీసుకుని వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. అప్పట్నుంచి ఏ బట్ట కుట్టినా ఈమె నాలుగు వేళ్ల గుడ్డ లోపల మడుస్తూనే ఉంది.

పిల్ల చొక్కా తిరగేసి అంచు కుట్లు విప్పింది. నిరుడు తను కుట్టిందే. మడతలో గుడ్డ ఎండ తగలక నిన్న కొన్నట్టుంది. రెండు ముక్కలు అతికి జేబు కత్తిరించింది.

"రంగు తేడా తెలుస్తుంది పిన్నీ."

"తెలియనీ. వెలిసిపోయింది మిగతాది. ఇది అసలు రంగు."

మిషను తొక్కుతూనే గిరజాలదాని సంగతంతా చెప్పింది, తన నోటితో తను అన్న మాటతో సహా. పిల్ల కన్నార్పకుండా విన్నది.

"నీకే జబ్బూ లేదు. రేపు నీతో బడికొస్తా, మీ పెద్ద టీచరుతో మాట్లాడతా. వద్దంటే గేటు దగ్గరే నిలబడతా. మధ్యాహ్నం అన్నం ఇక్కడికొచ్చి తిను, ఈ స్టూలు నీదే. బడి మాత్రం మానకు."

"పరీక్షల దాకానా?"

"నువ్వు చాలనేదాకా."

పిల్ల ముక్కు ఎగబీల్చి, వచ్చినప్పట్నుంచీ మొదటిసారి కూర్చుంది.

"పొద్దున్నే నువ్వు బడికి పోతే నా క్యారేజీ?" అన్నాడు టీవీ పక్క కుర్చీలోంచి మొగుడు, పేపరు దించకుండా.

"స్టవ్వు ఎక్కడుందో చూపిస్తాలెండి."

ముందుగదిలో టీవీ గొంతు తగ్గింది. "ఊళ్లో తద్దినమంతా నీ నెత్తినేసుకుంటావేమే?" అంది అత్తగారు. "ఆ పిల్ల నీకేమవుతుంది?"

అదే ప్రశ్న. ఆమె కాలు తొక్కుడు మీద ఆగింది. పిల్ల తల దించుకుని, లేచి వెళ్లిపోవడానికి సిద్ధమైంది. ఆమె దారం కొరికి, చొక్కా పిల్ల ఒళ్లో పెట్టి, భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నాలాంటిదే అత్తయ్యా" అంది. "నేనూ ఈ పిల్లలాంటిదాన్నే."