పెద్దకోడలి ఒంటిమీది సామి

యోగా క్లాసుకు పోతున్నామని ఇంట్లో చెప్పి సౌభాగ్యం, ఆమె తోడికోడలు సత్యప్రియ బెల్లీ డాన్సు నేర్చుకోవడానికి పోయేవారు. తమిళనాడు ధర్మపురిలో ఆ కాలానికి యోగా అంటే ఎవరూ అడ్డు చెప్పడం లేదు. డాక్టరు చెప్పాడంటే అసలే చెప్పరు. నడుము నొప్పి తగ్గాలంటే ఒళ్ళు తగ్గించమని సౌభాగ్యానికి డాక్టరు నిజంగానే చెప్పాడు. ఎలా తగ్గించాలో చెప్పలేదు గనక ఇందులో అబద్ధం సగమేనని సత్యప్రియ తేల్చేసింది.

బస్టాండు వెనక వీధిలో ఒక పాత్రల కొట్టు మేడమీద ఆడవాళ్ళ జిమ్ము ఉండేది. శని, ఆదివారాలు బెంగుళూరు నుంచి కవిప్రియ అనే అమ్మాయి బస్సులో వచ్చి నేర్పేది. కిటికీలకు పాత పేపర్లు అంటించి, తలుపుకు గడియ పెట్టి, నడుముకు బిళ్ళలు కుట్టిన గుడ్డ చుట్టుకుని ఊళ్ళోని పెద్దింటి ఆడవాళ్ళు కొందరు అక్కడ నడుము తిప్పేవారు. పైఒళ్ళు కదలకూడదు, మోకాళ్ళు వదులుగా ఉంచండి, వణుకు మోకాళ్ళ నుంచి పైకి రావాలి అని కవిప్రియ అరవంలో అరుస్తుండేది. మొదటిరోజు సౌభాగ్యం సిగ్గుతో సగం చచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో నడుమంటే ఆమెకు బిందె ఆనించుకునే చోటు, బిడ్డను ఎత్తుకునే చోటు, రాత్రికి నొప్పిపుట్టే చోటు. అది తిప్పితే తిరుగుతుందని, ఆపితే ఆగుతుందని, తన మాట వింటుందని నలభై దగ్గర పడ్డాక తెలిసింది. తెలిసిన నాటి నుంచి ఆమె తలెత్తి నడవసాగింది. సంతలో గొంతు పెంచి బేరమాడింది. ఇంట్లో ఎవరూ గమనించలేదు. కోడలి వంక చూసే అలవాటు ఆ ఇంట్లో ఎవరికుంది గనక!

మారెమ్మకు కొలుపులు జరిగే అరవవాళ్ళ ఆడి నెలలో చివరి ఆదివారం జిమ్ములోనే చిన్న ప్రదర్శన పెట్టారు. ఆడవాళ్ళకు మాత్రమే. కవిప్రియ సౌభాగ్యాన్ని అందరికన్నా ముందు, నడిమధ్యన నిలబెట్టింది. సత్యప్రియను వెనక వరసలో పెట్టింది. నిజానికి సత్యప్రియే ఆమె కన్నా బాగా ఆడుతుంది, అయినా ఆమె మొహం ముడుచుకోలేదు.

“అక్కా, నువ్వు ముందర నిలబడితే నాకు ధైర్యంగా ఉంటాది,” అంది.

పెండ్లిలో తప్ప సౌభాగ్యం ఎప్పుడూ నలుగురి ముందు నిలబడలేదు. ఆ పెండ్లిలో కూడా తల దించుకోమన్నారు. ఆ ఆదివారం కోసం ఆమె చిన్నపిల్లలా రోజులు లెక్కపెట్టుకుంది. ఆ ఆశే కొంప ముంచింది.

ఇంకా వారం పైన ఉందనగా ఒక శుక్రవారం, అత్త పుట్టమ్మ మారెమ్మ గుడికి పోయింది. మగవాళ్ళు చింతపండు మండీకి పోయారు. సౌభాగ్యం తలంటుకుని, ముఖానికి పసుపు పూసుకుని, జుట్టు ఆరబోసుకుని ఉంది. ఇంట్లో తలుపు ఉన్న గది దేవుడి గది ఒక్కటే. అందులో దూరి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కళ్ళు మూసుకుని వణుకు సాధన మొదలుపెట్టింది. గడియ సరిగా పడలేదన్నది చూసుకోలేదు.

పుట్టమ్మ గుడిలో పోసిన అంబలి గిన్నెతో తిరిగొచ్చి తలుపు తోసింది. ఆడి నెల, శుక్రవారం, విరబోసిన జుట్టు, పసుపు ముఖం, మూసిన కళ్ళు, నడుము కింద ఒళ్ళంతా గడగడా వణుకు. ఆ మనిషి ఇంకేమనుకుంటుంది? బెల్లీ డాన్సు అన్న మాటే ఆమె చెవిన పడి ఎరగదు. గిన్నె చేతిలోంచి జారిపోయింది.

“తల్లీ! మారెమ్మా! వచ్చినావా మా ఇంటికి!” అని బోర్లా పడి కోడలి కాళ్ళు పట్టుకుంది.

పుట్టమ్మ వాళ్ళ అత్తకు సామి పూనేది. ఆమె చచ్చిపోయినాక ఆ ఇంట్లో ఎవరి ఒంటిమీదికీ సామి రాలేదు. తన వల్లే మారెమ్మకు కోపం వచ్చిందని పుట్టమ్మ ఏళ్ళ తరబడి కుమిలిపోతోంది. ఇప్పుడు ఆమె ఏడుస్తున్నది సంతోషంతో. సౌభాగ్యం నోరు తెరిచింది. అత్తా, ఇది సామి కాదు అనాలి. మరి ఏమిటంటే? ఆ జవాబు నోట్లోంచి ఊడిపడే లోపల పక్కింటి పంచవర్ణం ఆ కేక విని పసుపునీళ్ళ బిందెతో పరిగెత్తుకొచ్చి నెత్తిన కుమ్మరించింది. ఆ చల్లదనానికి నిజమైన వణుకే పుట్టింది.

సత్యప్రియ వంటింట్లోంచి వచ్చి, ఒక్క చూపులో సంగతి గ్రహించి, కొంగు నోట్లో కుక్కుకుంది. భక్తితో ఏడుస్తోందని అందరూ అనుకున్నారు. తర్వాత వంటింట్లో ఇద్దరూ గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

“మోకాళ్ళు ఇంకా వదులుగా పెట్టల్ల సామీ,” అంది సత్యప్రియ కవిప్రియ గొంతుతో. సౌభాగ్యం జీవితంలో అంత నవ్వింది అదే ఆఖరుసారి.

మారెమ్మ వచ్చింది గానీ నోరు తెరవలేదు, వచ్చే శుక్రవారం వాక్కు చెబుతుందని పుట్టమ్మ వీధంతా చాటింది. ఆ సాయంత్రం మొగుడు వెంకటసామికి వడ్డిస్తూ సౌభాగ్యం నిజం చెప్పేసింది. అత్తకు ఆయనే మెల్లగా నచ్చజెప్పాలని వేడుకుంది. అతను కోపంతో కంచం విసురుతాడేమోనని కాస్త వెనక్కి జరిగే కూర్చుంది. అతను నవ్వాడు.

“మండీ గుమాస్తా పెండ్లాం గూడా ఆడికే వస్తాది. నాకు అప్పుడే తెలుసు.”

“తెలిసీ ఊరుకున్నారా?”

“ఊరుకున్నా కాబట్టే ఇప్పుడు పనికొచ్చింది.” మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. “తమ్ముడు దినకరన్ భూమి పంచమంటా ఉండాడు. నాలుగు దారుల రోడ్డు పడినంక నల్లంపల్లి చేనికి ఎవురెవురో వచ్చి అడుగుతా ఉండారు. వాడు భాగం తీసుకుని వేరే ఇల్లు కట్టుకుంటాడంట. నా మాట వినడు. సామి మాట అయితే వింటాడు.”

“సామి పేరు పెట్టి అబద్ధం చెప్పమంటారా?”

“యోగా అని చెప్పింది ఎవురు?”

అతను లేచి చెయ్యి కడుక్కుంటూ మిగతాది చెప్పాడు. భూమి పంచొద్దన్న ఒక్క మాట చెబితే ఆదివారం తానే బండిమీద జిమ్ముకు దించుతాడు, తల్లికి ఏదో ఒకటి చెప్పుకుంటాడు. చెప్పకపోతే ఇద్దరు కోడళ్ళ భాగోతమూ తల్లి ముందు పెడతాడు.

వేరే ఇల్లు కావాలన్నది దినకరన్ కన్నా అతని పెండ్లాం సత్యప్రియకు ఎక్కువ. తనకంటూ తలుపున్న గది ఒకటి కావాలని వంటింట్లో సౌభాగ్యం చెవిలో ఎన్నిసార్లు చెప్పుకుందో! ఆ సంగతి సౌభాగ్యానికి బాగా తెలుసు. తెలిసీ ఆ వారమంతా సత్యప్రియతో మొగుడి మాట ఎత్తలేదు. ఎత్తితే గొడవవుతుంది, ఆమె పరువూ పోతుంది, తను చేసేది ఆమె మంచికేనని మనసుకు జోకొట్టుకుంది. అదంతా ఒట్టిది. ఆమెకు ఆదివారం కావాలి. ఇంకొకటీ ఉంది. ఆ వారం పుట్టమ్మ ఆమెను చీపురు ముట్టనివ్వలేదు, తన చేత్తో అన్నం కలిపి పెట్టింది. వీధిలో ఆడవాళ్ళు కాళ్ళకు మొక్కారు. అది కూడా ఆమెకు నచ్చింది.

శుక్రవారం నడింట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కర్పూరం, వేపాకు, సాంబ్రాణి పొగ. సౌభాగ్యం జుట్టు విరబోసుకుని నిలబడి, మోకాళ్ళు వదులు చేసింది. వంటింటి గడపలో సత్యప్రియ మూతి బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటూ చూస్తోంది. వణుకు పైకి పాకింది. జనం లెంపలేసుకున్నారు.

“భూమి ముక్కలు చేస్తే,” అంది సౌభాగ్యం గొంతు మార్చి, “నేను ఈ ఇంట్లో నిలవను.”

దినకరన్ ముఖం పాలిపోయింది. అయినా సాష్టాంగపడి, “నీ మాటే తల్లీ,” అన్నాడు. మంచివాడు. అంత మంచివాడు కాబట్టే ఇంత సులువుగా పని అయిపోయింది.

సత్యప్రియ నవ్వు పోయింది. ఆమె బావగారి వంక చూసింది, అక్క వంక చూసింది. ఇది డాన్సని అరవొచ్చు. అరిస్తే నీకెలా తెలుసని అడుగుతారు. ఆమె జడ విప్పుకుంది. నడింట్లోకి వచ్చి నిలబడింది. పైఒళ్ళు బొమ్మలా నిలిచిపోగా నడుము మాత్రం ఝల్లుమని వణికింది. సౌభాగ్యం కన్నా వెయ్యిరెట్లు బాగా.

“పంచు!” అంది సత్యప్రియ. “ఎవురి భాగం వాళ్ళకియ్యి!”

పుట్టమ్మ కర్పూరం పళ్ళెం ఎవరి వైపు పట్టాలో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అమ్మా, ఆ పిల్ల తలస్నానం గూడా చేయలే,” అన్నాడు వెంకటసామి తాపీగా. “ఎంగిలి గిన్నెల కాడ నుంచి లేచి వచ్చింది. సామి అట్లా వస్తాదా?”

“పేయేమో, దయ్యం పట్టిందేమో,” అన్నారు ఎవరో.

పుట్టమ్మ పెద్దకోడలి ముందు వంగింది. “తల్లీ, నువ్వే చెప్పు. ఆ పిల్ల మీద ఉండేది ఎవురు?”

సత్యప్రియ ఆడుతూనే ఉంది. ఆమె కళ్ళు సౌభాగ్యం మీద ఉన్నాయి. ఆ కళ్ళలో బతిమాలడం లేదు. అక్క తనను వదలదన్న నమ్మకం ఉంది, కాస్త కొంటెతనం కూడా ఉంది. మారెమ్మకు అక్కచెల్లెళ్ళు ఏడుగురని ఆ జనంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నా చెల్లెలు అని ఒక్క మాట అంటే చాలు, ఇద్దరికీ హారతి పట్టేవారు. ఆ మాట సౌభాగ్యం నాలుక చివరిదాకా వచ్చింది. వెంకటసామి దగ్గాడు. ఆమెకు జిమ్ము మేడమెట్లు కనబడ్డాయి, ముందు వరసలో తన చోటు కనబడింది.

“పేయి,” అంది.

వేపమండలు తెచ్చారు. సత్యప్రియ జుట్టు పట్టుకున్నవాడు దినకరనే. పెండ్లాం బాగుపడాలని ఏడుస్తూనే పట్టుకున్నాడు. పంచవర్ణం కొట్టింది, ఇంకెవరెవరో కొట్టారు. ఎవరు నువ్వు, ఏ ఊరు, ఎప్పుడు పోతావని అడిగి అడిగి కొట్టారు. ఇది డాన్సు, మేమిద్దరమూ నేర్చుకుంటున్నామని ఒక్క మాట చెబితే ఆ దెబ్బలు ఆగేవి. సౌభాగ్యం ప్రతి దెబ్బకూ ఆ మాట కోసం భయపడింది. సత్యప్రియ చెప్పలేదు. చెబితే అక్క కూడా పట్టుబడుతుందని చెప్పలేదు. చివరికి కూలబడిపోతే పేయి దిగిపోయిందని నెత్తిన నీళ్ళు చల్లారు. సౌభాగ్యం అంతసేపూ సామిలా నిలబడే ఉంది. తన మీద తనకే అసహ్యం పుట్టింది, అయినా కాలు కదల్లేదు.

వెంకటసామి మాట తప్పలేదు. ఆదివారం గుడికని చెప్పి బండిమీద దించిపోయాడు. సత్య ఏదని కవిప్రియ అడిగితే, ఒంట్లో బాగలేదని చెప్పింది. ముందు వరసలో నడిమధ్యన నిలబడి ఆడింది. ఒక్క అడుగూ తప్పలేదు. ఆడవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. ఇంత ధైర్యం ఎక్కడ దాచిపెట్టుకున్నావక్కా అని కవిప్రియ కావలించుకుంది. అక్కా అన్న ఆ మాట ఆమెకు దెబ్బలా తగిలింది. మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదు.

ఆమె ఇంటికి వచ్చేసరికి సత్యప్రియ వంటింట్లో ఉంది. చేతులనిండా వేపమండల వాతలు. సౌభాగ్యం గడపలో నిలబడి, “సత్యా,” అంది. సత్యప్రియ పొయ్యి తగ్గించి, కొంగు సరిచేసుకుని వచ్చి, వీధి ఆడవాళ్ళు చేసినట్టే వంగి ఆమె రెండు కాళ్ళకూ మొక్కింది. నవ్వుతుందేమోనని సౌభాగ్యం ఆమె ముఖంలోకి చూసింది.

“అన్నం వడ్డించేదా సామీ?” అంది సత్యప్రియ.

చూసేందుకు ఇంట్లో ఇంకెవరూ లేరు.