మజ్జిగిచ్చిన అంబాసిడరు

వెంకటప్పయ్య కారు పొద్దున్నే కొట్టంలోంచి బయల్దేరి, రైసుమిల్లు దాకా వెళ్లి, పొద్దుగూకేసరికి గేదెలతో పాటు ఇంటికొచ్చేది. గేదెలే కాస్త ముందొచ్చేవి. పెట్రోలు ఆదా అవుతుందని ఆయన ఎంత మెల్లగా నడిపేవాడంటే, వెళ్లేటప్పుడు దారిపక్క పూత మీదున్న వంగమొక్కకి తిరిగొచ్చేటప్పుడు కాయలు కోసుకునేవాడు. మిల్లు అవతల ఒక్క గజం నేల కూడా ఆ అంబాసిడరు ఎరగదు. రాత్రి గేదెల పక్కనే దానికీ మకాం.

అన్నేళ్లు గేదెల మధ్య పడుకున్నాక ఆ గుణాలు రాకుండా ఎలా ఉంటాయి? ఈగ వాలితే వైపరు విసిరేది. హారన్ కొడితే అరిచేది. ఓ ఎండాకాలం పొద్దున వెంకటప్పయ్య ఆయిల్ చూసే ఊచ బయటికి లాగితే, దాని కొసన తెల్లగా, చిక్కగా ఏదో వేలాడింది. వాసన చూశాడు. నాలిక్కి రాసుకున్నాడు.

"పున్నమ్మా! చెంబు పట్రా. కారు మజ్జిగిస్తోంది."

ఆయన భార్య పున్నమ్మ చెంబు తెచ్చింది. పశువుల పనికొచ్చే జంపక్క కారు కిందికి దూరి, అడుగు బోల్టు వదులు చేసి కూర్చుంది.

"గేదెకన్న ఇదే నయమమ్మా. తన్నదు" అంది.

ఆయిల్ పోసే మూత విప్పితే దానికి వెన్న అంటుకుని ఉంది. వారం తిరక్కుండా జూలూరుపాడంతా చెంబులు పట్టుకుని వరసకట్టింది. కాస్త పులుపెక్కువని ఒకరిద్దరు మూతి తిప్పారే గానీ, ఎవరూ వద్దనలేదు.

సంతోషం లేనిది పున్నమ్మకే. భద్రాచలంలో ఆమె అక్క భారతమ్మ గోదావరి మెట్ల మీద జారిపడి మంచాన పడింది. "చెల్లెల్ని ఒక్కసారి కళ్లజూడాలి" అని బస్సు కండక్టరుతో కబురు మీద కబురు. పున్నమ్మ చీరలు మూటగట్టుకోవడం, వెంకటప్పయ్య విప్పించడం.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సెక్కుతావుటే? నేను తలెత్తుకుని తిరగొద్దూ? వచ్చే నెల కారులోనే తీసుకెళ్తా."

ఆ వచ్చే నెల కోసం ఎదురుచూసీ చూసీ గోడ మీది క్యాలెండర్లో దేవుళ్ల జుట్టు కూడా నెరిసింది. భారతమ్మేమో అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుందని ఆఖరి కబురు.

ఇంతలో ఇంజను దగ్గడం మొదలెట్టింది. కొత్తగూడెం నుంచి మెకానిక్కు తుల్సీరాం వచ్చాడు. ఓ గ్లాసు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, బానెట్ ఎత్తాడు. రేడియేటర్లో నీళ్లు చూశాడు. స్టార్టు చేయించి వెనక్కెళ్లి పొగ చూశాడు.

"నీళ్లు తగ్గలే, తెల్ల పొగ లేదు. నీళ్లు ఆయిల్ల కలవకుండ ఆపే గాస్కెట్ మంచిగనే ఉంది. తప్పు మీదే పెద్దాయనా."

"నాదేంటయ్యా?"

"ఇంజను వేడెక్కకముందే ఆపుతున్నరు. లోపలి చెమ్మ ఆవిరై పోతలేదు. ఆయిల్ల పడి చిలుకుతున్నది. గేదెలెక్క తిప్పినరు, గేదె అయ్యింది."

కొత్త ఆయిల్ పోశాడు. పోసిన పూటే అదీ తెల్లబడింది.

"చూసిన్రా? దూరం కొట్టాలె. మధ్యల ఆపకుండ భద్రాచలం దాక పోనియ్యిండ్రి. లేకుంటే ఇంజను పట్టేస్తది. ఇగ కదలదు."

పున్నమ్మ లెక్క వేరే. కదలకపోయినా కొట్టంలో కారంటూ ఉంటుంది. కారున్నన్నాళ్లూ బస్సు లేదు.

ఇంజను చచ్చిపోతుందన్న భయానికి మర్నాడే వెంకటప్పయ్య పున్నమ్మని ఎక్కించుకుని బయల్దేరాడు. మిల్లు రాగానే కారు తనంతట తనే ఇంటివైపు తిరిగింది. మళ్లించాడు. మళ్లీ తిరిగింది. స్టీరింగ్ పట్టుకుని వేలాడాడు. అయినా అంతే.

"అటు జరగండి" అంది పున్నమ్మ. దిగి చింతబరికె విరుచుకొచ్చి, స్టీరింగ్ ముందు కూర్చుంది. తలుపు మీద బరికెతో ఒక్కటిచ్చి, నాలుక మడిచి అదిలించింది. పుట్టిన దగ్గర్నుంచీ గేదెల్ని తోలిన గొంతు అది. కారు చెవులు రిక్కించినట్టు హెడ్‌లైట్లు వెలిగించి, మిల్లు దాటి పరుగందుకుంది.

కొత్తగూడెంలో బొగ్గు లారీలు పక్కకి తప్పుకున్నాయి. పాల్వంచ దాటాక ఇంజను కాగింది. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి, పుల్లటి మజ్జిగ వాసన. ఆ వాసనకి అడవిలో కోతులన్నీ భోజనాల వేళయిందనుకుని విస్తరాకులు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నాయి.

గోదావరి వంతెన మధ్యలో కారు పెద్దగా తుమ్మి, మళ్లీ కారయిపోయింది. అదిలిస్తే వినదు. బరికె చూపిస్తే లెక్కలేదు.

"బ్రేకు! బ్రేకు తొక్కవే!" కళ్లు గట్టిగా మూసుకుని అరిచాడు వెంకటప్పయ్య.

"ఏదండీ అది?"

"మధ్యది! రామచంద్రా! గేరు... ఎడంచేతి పక్కన!"

"అరవక, ముందు కళ్లు తెరవండి. దారి చెప్పేవాళ్లు కావాలి నాకు."

వంతెన అవతలి కొసకి వచ్చేసరికి పున్నమ్మకి కారు నడపడం వచ్చేసింది. బరికె గోదాట్లో పారేసింది.

ఇంటి ముందు హారన్ మోగితే గోడవైపు తిరిగున్న భారతమ్మ ఇటు తిరిగింది.

"బస్సులో వచ్చావుటే?"

"మా కారులో అక్కా. నేనే నడిపా. మీ మరిదిగారు దారంతా రామనామం చేశారు."

భారతమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ లేచి కూర్చుంది. ఆ పూట అన్నం మారు వడ్డించమంది. తర్వాత్తర్వాత కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చెల్లెలి హారన్ కోసం చెవొగ్గి నిలబడేది.

కారు మాత్రం మళ్లీ మజ్జిగివ్వలేదు. జంపక్క బోల్టు తిప్పి చూసి, "ఒట్టిపోయిందమ్మా" అని చెంబు బోర్లించింది. వెంకటప్పయ్య కొన్నాళ్లు ముద్ద దిగక ఊరంతా వినపడేలా నిట్టూర్చాడు.

కానీ వారం వారం, సందె వేళ, ఆయనే కొట్టంలోకెళ్లి ఊచ లాగి వెలుతురుకి పెట్టి చూసేవాడు. ఆయిల్ పుట్టతేనెలా మెరుస్తూ ఉండేది.

"పున్నమ్మా, కాస్త తెల్లబడ్డట్టుందే. రేపోసారి భద్రాచలం దాకా తిప్పుకురా" అని కేకేసి, ఆవిడ వచ్చి చూసేలోపు ఊచని పంచెకి తుడిచేసేవాడు.