సంవత్సరమంతయు నాషాఢము

ఆషాఢము ప్రవేశించి పట్టుమని పదిదినములైనను గడవకమునుపే తూర్పుకనుమల నంటి నడచు నీలమేఘపంక్తులు వాల్తేరు మెరకలపై వ్రాలి సముద్రమునకును ఆకాశమునకును నడుమనుండు గీటును చెఱిపివైచి తాటితోపుల తలలను గాలికి వంచి బెస్తల పడవలను గట్టున కీడ్పించి పట్టణమునంతయు తడిసిన యుప్పువాసనతో నింపియుండెను. ఇట్టి దినములలో ఎడబాసిన దంపతులు మేఘములను జూచి కన్నీరు నించుదురని పూర్వకవులు వేనోళ్ళ చెప్పియున్నారు. వారికేమి, చెప్పుదురు. వారిలో నొక్కరును ఆదివారపు పాసెంజరుబండిలో కిటికీచెక్క దిగక తడిసిన భుజముతో తునినుండి వాల్తేరుదాక నిలుచుండి ప్రయాణము చేసినవారు కారు.

అట్లు ప్రయాణము చేసినవాడు పేరిశాస్త్రి. తుని యున్నతపాఠశాలలో ఆంధ్రపండితుడు. ఛందోవ్యాకరణములయందు చేయితిరిగినవాడు. ఆతని భార్యయగు హైమవతి వాల్తేరు కళాశాలలో రసాయనశాస్త్రమున ఆనర్సు చదువుచుండెను. ఇంటర్మీడియెటు పరీక్షలో కాకినాడ కంతటికిని మొదటిదిగా నిలిచిన పిల్లను పెండ్లాడి తెచ్చి పొయ్యిముందు కూర్చుండబెట్టుట సరస్వతికి చేసిన ద్రోహమని తలంచి ఆతడే దరఖాస్తు వ్రాసి ఆతడే పెట్టె మోసి ఆతడే యామెను వసతిగృహమున దిగవిడిచి వచ్చెను. క్రొత్తకోడలు ఆషాఢమున అత్తవారింట నుండరాదను ఆచారము ఇతరులకు ఒక్క నెలతో తీరిపోవును గదా.

“మన శాస్త్రిగారికి సంవత్సరమంతా ఆషాఢమేనండీ” అని తుని బజారులో వేళాకోళము చేయుచుందురు. శాస్త్రియు వారితోపాటు నవ్వును. ఇంటికి వచ్చి తాళము తీయునపుడు మాత్రము ఆ నవ్వు ముఖమున నుండదు.

ఇక హైమవతి సంగతి. కాకినాడలో చదివినంతకాలము రసాయనశాస్త్రమన నామెకు నల్లేరుపై బండి నడక. వాల్తేరు వచ్చినపిదప ఆ బండి యిసుకలో దిగబడినది. ఉపన్యాసకులు వడివడిగా చెప్పుకొనిపోవు ఆంగ్లము సగము చెవిని బడి సగము గాలిని బోవుచుండెను. తోడి విద్యార్థినులు పట్నవాసపు బడులలో గాజుగొట్టములతో నాడుకొని వచ్చినవారు. మొదటి సంవత్సరమున బొటాబొటిగా గట్టెక్కినది. రెండవ సంవత్సరమున నెదురైనది లవణపరీక్ష. కాగితపు పొట్లములో చిటికెడు తెల్లని పొడి నిత్తురు. దానిలో నేమేమి యున్నవో కరిగించియు కాల్చియు వాసన చూచియు తేల్చి చెప్పవలయును. తెల్లని పొడులన్నియు ఆమె కంటికి తెల్లగనే యుండెను. ఆమ్లపు చుక్కలు పడి చీరకొంగు చిల్లులు పడుచుండెను గాని పొట్లములోని రహస్యము మాత్రము బయటపడకుండెను.

భార్య కన్నీరు చూచిన భర్త తన కేది చేతనగునో దానినే చేయును. పేరిశాస్త్రికి చేతనైనది పద్యము. చిన్ననాట గురువుగారి యింట అమరమును శబ్దములును వల్లెవేసి నేర్చినవాడగుటచే ఛందస్సున కెక్కినది చచ్చుదాక చెడదని యాతని దృఢవిశ్వాసము. ఆ యాదివారము వాన వెలిసిన తరువాత సముద్రపుటొడ్డున రాతిపై కూర్చుండి ఆతడు భార్య నడిగెను.

“ఏ లోహం మంటకి ఏ రంగో వరసగా చెప్పు. సీసపద్యంలో బిగిస్తాను. ఇంక ఈ జన్మకి మరవవు.”

“సోడియానికి పసుపు. పొటాషియానికి ఊదా. కాల్షియానికి ఇటికరంగు” అని హైమవతి చెప్పసాగెను. “కాని సోడియం పొటాషియం రెండూ కలిసి ఉంటే పసుపు ఊదాని మింగేస్తుందండీ. అప్పుడు నీలం గాజు అడ్డం పెట్టుకుని చూడాలి. గాజు పసుపుని ఆపేస్తుంది, ఊదా బయటపడుతుంది.”

శాస్త్రి వ్రేళ్ళపై గణములు లెక్కించుకొనుచు పెదవులు కదలించెను. ముడిపడిన కనుబొమలతో కొంతతడవు కెరటములవంక చూచెను. ఎన్నివిధముల త్రిప్పినను ఆ పాదమున నీలపుగాజునకు చోటు చాలలేదు. చోటు చేసినచో యతి చెడుచుండెను.

“గాజు ఇమడటం లేదు హైమా. వదిలేద్దాం. అంత చిన్నముక్క నీకు గుర్తుండదూ?”

“ఉంటుంది లెండి” అని యామె యనెను. ఆమె చూపు మంటలమీదను లేదు, గాజుమీదను లేదు. లెక్కపెట్టుచున్న ఆ వ్రేళ్ళమీద నుండెను.

పద్యము పూర్తియయ్యెను. పండితులు మెచ్చదగిన పద్యమే. ఆనాటినుండి ప్రతి యాదివారమును శాస్త్రి వచ్చుటయు నేదో యొక ప్రకరణమును పద్యముగా కట్టుటయు హైమవతి దానిని ఆతని గొంతుతోనే యాతని విఱుపులతోనే యప్పగించుటయు జరుగుచుండెను. తక్కిన దినములలో ఆమె ప్రయోగశాలలో బల్లముందు నిలిచి దీపము వెలిగించి ఆ పద్యములను పెదవులమాటున నావర్తించుకొనుచుండెను. వినుటకు శాస్త్రచింతనమువలె నుండునది. నిజమునకు అది మగని కొఱకైన బెంగ. బెంగకు పుస్తకమంత చక్కని చాటు మఱియొకటి లేదు.

మార్గశీర్షమున ప్రయోగపరీక్ష జరిగినది. హైమవతి తప్పినది. సంవత్సరాంతపు పరీక్షలోను ఇట్లే తప్పినచో ఆనర్సునుండి పేరు తీసివేయుదురు. ఆ యాదివారము వసతిగృహపు వరండాలో భర్తను చూడగనే యామె యేడ్వలేదు. అప్పటికే యేడ్చి యేడ్చి కన్నులు వాచియుండెను.

“నావల్ల కాదండీ. నేను వాళ్ళలాగా తెలివైనదాన్ని కాను. నన్ను మనింటికి తీసుకుపొండి.”

ఏమని చెప్పుదును? ఆ మాట చెవిని బడినంతనే పేరిశాస్త్రి గుండె సంతోషముతో నెగిరెను. అవును, సంతోషముతోనే. దాచి ప్రయోజనము లేదు. తలుపు తెఱచు గాజులచేయియు కాగిన మజ్జిగపులుసు వాసనయు వెలుగుచున్న వంటయిల్లును ఒక్కసారిగా నాతని కన్నులయెదుట నిలిచెను. సరే పద యన్నచో చాలును. ఆ సాయంకాలపు బండికే యామె పెట్టెతో నాతనిప్రక్కన కూర్చుండును. మఱుక్షణముననే తన సంతోషమునకు తానే సిగ్గుపడి, కళాశాలవారితో మాట్లాడి వత్తునని చెప్పి వీథిలోనికి నడచెను.

లవణపరీక్ష నేర్పు డిమాన్‌స్ట్రేటరు సుగుణమణిగారు నడివయసు దాటిన క్రైస్తవవిదుషి. మితభాషిణి. ఆదివారమైనను ప్రయోగశాల తలుపులు తెఱచియే యుండెను. వెనుకబడిన విద్యార్థులు నలుగురైదుగురు బల్లలకడ దీపములు వెలిగించుకొని పనిచేసికొనుచుండిరి. శాస్త్రి తాను వచ్చిన పని చెప్పెను. ఆమె యంతయు విని కుర్చీ చూపెను.

“తీసుకువెళ్ళే ముందు ఒక్క మాట వినండి మాస్టారూ. మీ ఆవిడకు తెలివి తక్కువ కాదు. చెయ్యి చాలా కుదురు. అంత సన్నగా మంట పట్టించగలవాళ్ళు ఈ తరగతిలో లేరు. కాని ఆమె మంట చూడదు. పెదవులు కదులుతూ ఉంటాయి. ఏదో చదువుకుంటుంది. పసుపు కనపడగానే సోడియం అని రాసేసింది. పొటాషియం కూడా ఉంది అందులో. నీలం గాజు నా బల్లమీదే ఉంది. ఆమె అడగలేదు.”

సముద్రపుటొడ్డున తాను యతికొఱకు పాఱవైచిన ముక్క అది.

“ఆ పద్యం నాది” అని శాస్త్రి మెల్లగా ననెను. “గాజు నేనే తీసేశాను.”

సుగుణమణిగారు నవ్వలేదు. కోపపడనులేదు. “పద్యం బాగుండే ఉంటుంది. అదే చిక్కు. బల్ల ముందు నిలబడ్డంతసేపూ ఆమె మీ దగ్గర ఉంటోంది, ఇక్కడ ఉండటం లేదు. చర్చి నుంచి వచ్చి ఆదివారాలు నేను ఇక్కడే కూర్చుంటాను. వెనకబడ్డవాళ్ళందరూ వస్తారు. ఆమె ఒక్కర్తే రాదు. ఆదివారం ఆమె మీకోసం గేటు దగ్గర నిలబడి ఉంటుంది.”

పేరిశాస్త్రి వసతిగృహమునకు మరలివచ్చుసరికి హైమవతి పెట్టె సర్దుకొని కూర్చుండియుండెను. ఆతడు పెట్టెను గోడకు జరిపెను. పిదప గుండె రాయి చేసికొని ఆమె యెదుట కూర్చుండెను.

“హైమా, నేను ఇంక ఆదివారాలు రాను. పరీక్ష అయ్యేదాకా రాను. ఆ పద్యాలు మరిచిపో.”

“ఎలా మరిచిపోను? మీ గొంతు తప్ప నాకిక్కడ ఏముంది? నేనేం తప్పు చేశానని నన్ను వదిలేస్తానంటారు?”

“నువ్వు కాదు, తప్పు నేను చేశాను. నీకు మంట చూపించాల్సింది పోయి నన్ను చూపించాను. నిన్ను ఇప్పుడు తీసుకుపోతే నాకు పండగే. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను. కాని పది సంవత్సరాలు పోయాక నువ్వు పొయ్యిలో మంట చూసినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. అప్పుడు నీ మొహం నేను చూడలేను.”

హైమవతి అలిగి లోనికి పోయినది. పెట్టె వరండాలోనే యుండిపోయినది. శాస్త్రి దానిని మోసికొనిపోయి వసతిగృహపు ఆయాచేతి కిచ్చి ఒంటరిగా స్టేషను చేరెను.

అటుపిమ్మట గడచిన మాసములలో ఆతడు పడిన పాట్లు చెప్ప నలవి కాదు. ఆదివారము వచ్చినంతనే కాళ్ళు తమంత తామే స్టేషనుత్రోవ పట్టును. ప్లాటుఫారముమీద నిలిచి పాసెంజరు వచ్చుటయు ఆగుటయు కదలిపోవుటయు చూచి కడపటి పెట్టె కనుమఱుగైన పిదప ఇంటికి మరలును. ఒకనాడు బండి మెట్టుమీద కాలుపెట్టి దిగిపోయెను. బజారులోని వేళాకోళములు క్రమముగా సన్నగిల్లెను. మనిషి చిక్కిపోవుట చూచి నవ్వుటకు ఎవ్వరికిని మనసొప్పలేదు. తరగతిలో ఛందస్సు చెప్పునపుడు గణములు లెక్కింప వ్రేళ్ళు ముడిచి నడుమ నాపివేయుచుండెను. ఆ దినములలో ఆతడొక్క పద్యమైనను కట్టలేదు. రాక కాదు, వచ్చిన ప్రతి పద్యమును ఆమెనే పిలుచుచుండెను.

వైశాఖమున ఫలితములు తెలిసెను. హైమవతి నెగ్గినది. ప్రయోగపరీక్షలో తరగతి కెల్ల రెండవదిగా నెగ్గినది. సెలవులకు భార్యను తీసికొనివచ్చుటకు శాస్త్రి పోయెను. ఆమె చిక్కి నల్లబడియుండెను. వ్రేళ్ళ కొనలు ఆమ్లముచే పసుపుబాఱియుండెను. మునుపు లేని నిలకడ యొకటి నడకలో కుదిరియుండెను. ఆదివారములయందు తలుపు తెఱచి కూర్చుండిన సుగుణమణిగారికి దంపతు లిరువురును నమస్కరించి బండి యెక్కిరి.

కిటికీప్రక్కన కూర్చుండినంతనే హైమవతి యలుక మఱచి గలగల మాటలాడసాగెను. ఈమాఱు ఇచ్చిన పొట్లములో నేమున్నదో, తానెట్లు తొందరపడక ముమ్మాఱు కాల్చి చూచెనో, ఏ ద్రావకమున ఏది పేరుకొనెనో చెప్పుచుండెను. శాస్త్రి మురిసిపోయి వినుచుండెను. కడపట ఆతనికి చిన్నకోరిక యొకటి పుట్టినది.

“ఆ సీసం ఒక్కసారి చదువు, విందాం.”

హైమవతి గొంతు సవరించుకొనెను. మొదటి పదము వచ్చినది. రెండవది రాలేదు. కన్నులు మూసికొని చూచినది. పెదవులు ఒకటి రెండుమాఱులు కదలి ఆగిపోయినవి.

“పోయిందండీ” అని భయముతో మగని ముఖమువంక చూచెను. “మీరే మరిచిపొమ్మన్నారుగా.”

“అవును. మంచిపని చేశావు” అని శాస్త్రి యనెను. ఆ మాట మనఃపూర్వకముగనే యనెను. అయినను ఎదుటి కిటికీవైపు తిరిగి గడ్డిదుబ్బులను చూచెను. ఇంతకాలమును వాల్తేరులోనున్న భార్యకొఱకు పరితపించినవాడు ఇప్పుడు ప్రక్కననే మోచేయి తగులునట్లు కూర్చుండిన భార్యకొఱకు అంతకు మిన్నగా పరితపించెను.

“అసలు మంటకి రంగు ఎందుకు వస్తుందో తెలుసా మీకు?” అని హైమవతి యడిగెను. ఆమె కన్నులు మెఱయుచుండెను.

“తెలియదు. చెప్పు.”

ఆమె చెప్పెను. ఆతనికి బోధపడలేదు. మఱల చెప్పుమనెను. ఆమె విసుగుకొనక దగ్గఱకు జరిగి మొదటినుండి చెప్పసాగెను. తుని వచ్చుదాక ఆమె చెప్పుచునే యుండెను, ఆతడు వినుచునే యుండెను. వినినదానిలో ఆతనికి అందినది ఆమె గొంతు మాత్రమే.