ఒక్క పన్ను తేడా

ఇంటి ముందు సిమెంటు చప్టా మీద పాత దుప్పటి పరుచుకుని మా కారు టైమింగ్ బెల్టు మారుస్తున్నాను. మా నాన్న మెకానిక్. ఏ బోల్టు ఎంత బిగించాలో పన్నెండేళ్ళకే నా మణికట్టుకు తెలుసు. పెళ్ళయ్యాక ఆ సంగతి ఎక్కడా ఎత్తవద్దని మావారు మెల్లగా చెప్పారు. "షెడ్డు పని అంటే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది" అన్నారు. అత్తగారు చిన్నబుచ్చుకోకూడదని తొమ్మిదేళ్ళుగా నేను నాన్నను చిన్నబుచ్చుతూ వచ్చాను.

పాత బెల్టు తీసేముందే పుల్లీల గుర్తులు కలిపి, వాటిమీద తెల్ల గోళ్ళరంగుతో చుక్కలు పెట్టాను. కొత్తది ఎక్కించి, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బిగించాను. బెల్టు పళ్ళలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ గుల్లవుతుంది. మావారు టార్చి పట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుగు ఎక్కువసేపు నా చెవి మీదే పడింది.

ఇంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. తర్వాత జరిగింది చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఆయన నా చేతిలోంచి పానా లాక్కోలేదు. అడగను కూడా లేదు. ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే నేనే పానా ఆయనకు అందించి, టార్చి తీసుకున్నాను. పసివాడి మూతి తుడిచినంత అలవాటుగా జరిగిపోయింది.

"మావాడు చిన్నప్పట్నుంచీ అంతే, పట్టిన పని వదలడు" అన్నారు అత్తగారు. "నువ్వు ఆ లైటన్నా కాస్త కుదురుగా పట్టుకోవమ్మా."

"అలాగే అత్తయ్యా" అన్నాను.

అమ్మ చూస్తోంది, ఏదో ఒకటి చెయ్యాలి కదా! ఆయన టెన్షనర్ బోల్టు వదులు చేసి మళ్ళీ బిగించారు. నా కళ్ళముందే పై పుల్లీ చుక్క ఒక పన్ను పక్కకు జరిగింది. ఆయన గమనించనే లేదు. చేతులు తుడుచుకుని, "సెల్ఫ్ కొట్టి చూపిస్తానుండమ్మా" అంటూ కారెక్కారు.

నాకు ముందు తట్టింది ఇంజన్ కాదు, ఆయన పరువు పోకుండా ఎలా ఆపాలా అన్నది. "ఏవండీ, మీకు ఫోను" అందామనుకున్నాను. అబద్ధం అంత తేలిగ్గా నాలుక చివరికి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాను.

"అత్తయ్యా, బెల్టు వేసింది నేను. జార్చింది ఆయన" అన్నాను. "పానా ఆయన చేతిలో పెట్టిన తప్పు మాత్రం నాదే."