పైపులకు కట్టిన బట్టలు

రుఖయ్యాది కడప. ఒమన్‌లో జెబెల్ అఖ్దర్ కొండ మీది సైక్ ఊళ్ళో నర్సుగా చేరి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆ చుట్టుపక్కల కాన్పులు చూడగలిగిన మనిషి ఆమె ఒక్కతే. భర్త నిసార్ అహ్మద్ అక్కడే ఎలక్ట్రీషియన్. తొంభై రెండులో, ఎండలు తగ్గుతున్న రోజుల్లో, కొండ కింది నిజ్వా పట్నం నుంచి గ్యాసు సిలిండర్లూ కూరగాయలూ వేసుకుని వస్తుంటే మట్టిరోడ్డు మలుపులో పికప్ అదుపు తప్పి లోయలో పడింది. అతన్ని కింద నిజ్వాలోనే ఖననం చేశారు.

కడపకు వచ్చెయ్యమని అందరూ అన్నారు. రుఖయ్యా వెళ్ళలేదు. ఆరోగ్యకేంద్రం వెనకున్న క్వార్టర్స్‌లోనే, భర్త పోయినామె ఇల్లు కదలకుండా ఉండాల్సిన నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడుపుతూ, నొప్పులొచ్చిన మనిషిని తీసుకొస్తే మాత్రం వెళ్ళి చూసి వచ్చేది. ఏడుపు రాలేదు. ఎందుకు రావడం లేదని ఆలోచించే ఓపిక కూడా లేదు.

ఆ కొండ మీద డిసెంబరులో నీళ్ళు గడ్డకడతాయి. మస్కట్‌లో ఉండేవాళ్ళకు చెబితే నమ్మరు. క్వార్టర్స్‌కు ట్యాంకు డాబా మీద ఉంటుంది. దాన్నుంచి ఇనప పైపులు గోడ వెంట బయట బయటే దిగుతాయి. చలి మొదలవుతూనే నిసార్ వాటికి గోనె చుట్టి, పైన పాలిథిన్ కట్టేవాడు. ఆ ఏడు ఎవరూ కట్టలేదు. రుఖయ్యాకు గుర్తు రాక కాదు. గుర్తొచ్చింది, కూర్చున్న చోటు నుంచి లేవలేదు, అంతే.

ఒకరోజు పొద్దున కుళాయి తిప్పితే చుక్క రాలేదు. ఎండెక్కాక వంటింటి వెనక పైపు పగిలిన చోటునుంచి నీళ్ళు చిమ్మడం మొదలైంది. రుఖయ్యా కిటికీలోంచి చూస్తూ నిలబడింది. నీళ్ళు గడప దాటి లోపలికి వచ్చాయి. చూస్తూనే ఉంది.

ఆ చప్పుడు విని లచ్చన్న పరుగెత్తుకొచ్చాడు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరు. కొండ మీద ఆమెతో తెలుగు మాట్లాడేది అతనొక్కడే. గబగబా డాబా ఎక్కి వాల్వ్ తిప్పాడు. పగిలిన ముక్క కోసి కొత్తది బిగించాడు. తర్వాత గుమ్మం బయట నిలబడి, కట్టకపోతే రేపు ఇంకో చోట పగులుతుందని చెప్పాడు.

"గోనె సంచులు దవాఖాన పైపులకే అయిపోయినయి, సిస్టరమ్మా. వానకు రోడ్డు కోసుకపోయింది, కిందికెల్లి సామాను వస్తలేదు. పాత బట్టలుంటే ఇయ్యుండ్రి. ఉన్నివైతే ఇంకా మంచిది."

రుఖయ్యా లోపలికి వెళ్ళి మంచం కింది పెట్టె బయటికి లాగింది. నిసార్ పోయినప్పటి నుంచి దాన్ని తెరవలేదు. మూత తీసి, చొక్కాలు, పైజామాలు, లుంగీలు, ఊదారంగు స్వెటర్ చేతులనిండా ఎత్తుకొచ్చి అరుగు మీద పెట్టింది.

లచ్చన్న వాటిని ముట్టుకోలేదు.

"ఇవి సారు బట్టలు గదా."

"కట్టు, లచ్చన్నా."

అతను ముందు తీగ చుట్ట విప్పాడు. తర్వాత కట్టాడు. ఒక్కొక్క చొక్కా ఆమే అందించింది. బట్ట తడిస్తే అసలు కట్టనిదాని కన్నా చెడ్డదని చెబుతూ, ప్రతిదాని మీదా పాలిథిన్ చుట్టి తీగ బిగించాడు. రాత్రుళ్ళు వంటింటి నల్లా సన్నగా కారేటట్టు వదలమన్నాడు. పారే నీళ్ళు తొందరగా గడ్డకట్టవట. రుఖయ్యా తలూపింది.

ఆ పైపులు మళ్ళీ పగల్లేదు.

ఇద్దత్ పూర్తయ్యాక, ఫిబ్రవరిలో, నిసార్ అక్క సఫూరా వచ్చింది. మస్కట్‌లో దార్సైట్ అనే పేటలో ఫ్లాట్‌లో ఉంటుంది. మరదల్ని తనతో తీసుకెళ్ళాలని వచ్చింది. జీపు దిగి నాలుగడుగులు వేసి, గోడ దగ్గర ఆగిపోయింది. పాలిథిన్ లోపల ఊదారంగు కనిపిస్తోంది.

"ఇది నేను అల్లింది," అంది.

"అవును, ఆపా."

"తమ్ముడి బట్టలు మసీదులో పేదవాళ్ళకు ఇమ్మని కబురు పంపినా కదా. ఇట్ల పైపులకు కడతారా ఎవరన్నా?"

రుఖయ్యా గోడ మూలకు చెయ్యి చూపించింది.

"ఆ మూల వంపు దగ్గరే ముందు గడ్డ కడుతుంది. తక్కినవన్నీ పలచన. మందంగా ఉండేది ఇదొక్కటే."

సఫూరా లోపలికి వచ్చింది. అన్నం సరిగా తినలేదు. మధ్యాహ్నం కింది ఊరి నుంచి ఒక ఆడమనిషిని నొప్పులతో తీసుకొచ్చారు. రుఖయ్యా వెళ్ళింది. తొలికాన్పు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. అంతా అయ్యి తల్లీబిడ్డా కుదుటపడేసరికి తెల్లారింది.

ఇంటికొస్తే నేల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. సఫూరా స్టవ్ ముందు నిలబడి గిన్నెలో నీళ్ళు కాస్తోంది. ఆమె వేళ్ళు చలికి కమిలి ఉన్నాయి.

"సాయంత్రం గాలికి తీగ ఊడింది," అంది వెనక్కి తిరక్కుండానే. "స్వెటర్ చేతులు విప్పుకుని కొట్టుకుంటుంటే చూడలేకపోయినా. నేనే బిగించి కట్టినా. కొళాయి కూడా కొంచెం వదిలినా. మీ ప్లంబరు వచ్చి చెప్పిపోయినాడు."

అప్పుడు ఏడ్చింది సఫూరా. పొయ్యి గట్టు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. రుఖయ్యా పక్కన నిలబడి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. తనకూ ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. స్టవ్ తగ్గించి, కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, వదిన వేళ్ళు అందులో ముంచి పట్టుకుంది.

సఫూరా మస్కట్ మాట మళ్ళీ ఎత్తలేదు. రెండో రోజు వెళ్ళిపోతూ, చలి తగ్గేదాకా ఆ కట్టు విప్పొద్దని చెప్పింది.

మార్చి నెలాఖరులో లచ్చన్న వచ్చి అన్నీ విప్పాడు. చొక్కాలు మట్టి పట్టి బిరుసెక్కాయి. వాటిని ఏం చెయ్యాలో అడగడానికి అతను వెనకాడాడు. రుఖయ్యా వాటిని ఉతికి ఆరేసి, మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది. వచ్చే చలికి కావాలని అతనికి చెప్పి, డ్యూటీకి వెళ్ళిపోయింది.