నవాబు సేవ

బుల్‌డాగ్ ముఖం మీది ముడతలు పొద్దునా సాయంత్రం తుడవాలి. తడి ఉండిపోతే పుండవుతుంది. స్వరూప ఒక్కో ముడత విప్పి మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే నవాబు కళ్లు మూసుకుని గురక పెట్టేది. దాన్ని ముచ్చటపడి తెచ్చింది మొగుడు నాగేందర్. చిక్కడపల్లి గల్లీలో దానితో ఫొటోలు దిగేదీ ఆయనే. మిగతా చాకిరీ అంతా ఆమె నెత్తిన పడింది.

"కుక్కను ముట్టి వంటింట్లకు రాకు, తానం చేసి రా" అనేది అత్త విద్యావతి. దాంతో తుడిచినప్పుడల్లా స్నానం. అదే కుక్కను ఒళ్లో పెట్టుకుని కొడుకు అన్నం తింటుంటే మాత్రం అత్తకు ఏ మైలా కనిపించేది కాదు. ఆయన చేతులు పుట్టుకతోనే కడిగి ఉన్నాయి కాబోలు! స్వరూపకు ఒళ్లు మండిపోయేది. తడి జుట్టు ముడేసుకుని, గ్రూప్ టూ పుస్తకం పొయ్యి గట్టు మీద తెరిచి పెట్టుకుని వండేది. సోమవారం నుంచి అశోక్ నగర్‌లో కోచింగ్. పెళ్లికి ముందు కొద్ది మార్కుల్లో పోగొట్టుకున్న ఉద్యోగం కోసమే అది. వయసు దాటిపోతోంది, ఈసారి తప్పితే ఇక మళ్లీ రాయనివ్వరు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, మండే ఎండలో, దోస్తులకు చూపించడానికి నవాబును బయటికి తీశాడు నాగేందర్.

"ఎండల తీస్కపోకుర్రి, దానికి ఊపిరాడది" అని ఆమె మొత్తుకుంది.

"నువ్వేమన్న డాక్టర్‌వా? జర ఊకో."

తిరిగొచ్చేసరికి నవాబు నాలుక నీలంగా వేలాడుతోంది. గడప దగ్గరే కూలబడింది. స్వరూప తడి తువ్వాలు కప్పి, ఆటో పిలిచి, నారాయణగూడలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి చేర్చింది. దారంతా ఆయనది ఒకటే పాట: "ఇంట్ల ఉండి ఏం జేస్తవ్? ఒక్క కుక్కను సూస్కోరాదా?"

ప్రాణం దక్కింది. "వారం రోజులు పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే" అంది డాక్టరమ్మ.

"మా ఆమె ఇంట్లనే ఉంటది మేడమ్" అన్నాడు నాగేందర్, భార్య ముఖం వైపైనా చూడకుండా. "కోచింగ్‌దేముంది, ఎప్పుడన్న పోవచ్చు."

నవాబు బల్ల మీద నుంచే ఆమె మణికట్టు నాకింది. ఆ నోరులేని జీవం మీద ఆమెకు కోపం లేదు. తన వారాన్ని, తన ఏడాదిని, అడక్కుండానే దానం చేసేసిన ఆ మనిషి మీదే ఆమె కోపమంతా.

డాక్టరమ్మ మందు సీసా తీసి, అలవాటుగా స్వరూప వైపు తిరిగింది. "చూడమ్మా, ఇది పొద్దున..."

స్వరూప లేచి, కుక్క గొలుసు మొగుడి చేతిలో పెట్టింది.

"కుక్క ఆయనది మేడమ్, ఆయనకే చెప్పండి. నాకు రేపటి నుంచి క్లాసులున్నయ్."